రెండో గుప్పెడు ఉప్పు

మా మనోజ్ఞ మూడు లా స్కూళ్లలో సీటు తెచ్చుకుని, ఏది ఎంచుకోవాలో తేలక కిచెన్‌లో నా ఎదురుగా కూర్చుంది.

"బోస్టన్‌లో చలి," అన్నాను. "కాలిఫోర్నియా దూరం. ఆస్టిన్‌లో ఏముంది?"

"అన్నీ రిజెక్ట్ చేస్తే ఎలా అమ్మా? నువ్వూ లాయర్‌వే కదా, కొంచెం హెల్ప్ చెయ్."

లాయర్‌నే. ఒంగోలు కోర్టులో రెండేళ్లు వాదించి, పెళ్లయి అమెరికాలో ఈ కాపెల్ ఊరికి వచ్చి, విప్పిన నల్లకోటు మళ్లీ తొడుక్కోనిదాన్ని. ఇక్కడ డేకేర్‌లో ఊరి పిల్లలందరికీ బూట్ల లేసులు కడుతున్నాను. దీనికేమో ఏ స్కూలు వదులుకోవాలా అన్న కష్టం వచ్చిపడింది!

ఇంకేం మాట్లాడినా గొంతులో తెలిసిపోతుందనిపించింది. లేచి గుప్పెడు రాళ్లుప్పు తీసి దాని తల చుట్టూ తిప్పాను.

"అందరి కళ్లూ ఒకలా ఉండవు. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..."

అది పకపకా నవ్వింది. "ఎవరి దిష్టి అమ్మా? డాడీకి కూడా ఇంకా చెప్పలేదు. నీకొక్కదానికే చెప్పా!"

ఆ ఉప్పు సింక్‌లో వేసి నీళ్లు వదిలాను. ఇంకో గుప్పెడు తీసుకుని, ఈసారి ఇరుగుపొరుగుల మాట ఎత్తకుండా, మళ్లీ మొదటినుంచి తిప్పాను.