మంచుదేశపు గాజు

"ఆ టకటక ఆపవయ్యా."

కిటికీలోంచి వీరరాఘవయ్య గారు విసిరిన మాటకు వరండాలో బుడే సాహెబ్ చెయ్యి గాలిలోనే ఆగింది.

వరండాకు పలకరాయి పరుస్తున్నాడతను. ప్రతి రాయినీ పరిచే ముందు ఉలి పిడితో తట్టి, చెవి ఒగ్గి వినడం అతని అలవాటు.

"పగులుంటే తెలుస్తాది సారూ."

"తెలుసుకో. చప్పుడు లేకుండా తెలుసుకో."

లోపల కంప్యూటరు తెర మీద మంచుకొండలు, గుర్రం మీద ఒక వీరుడు. ముప్పై రెండేళ్ళు కళాశాలలో ఇంగ్లీషు బోధించి విరమించిన వీరరాఘవయ్య గారికి, మనమే ఒక పాత్రగా మారి కథ నడిపించే ఈ రోల్ ప్లేయింగ్ ఆటలు ఒక వ్యసనం. వాటిని చీల్చి చెండాడడం అంతకు మించిన వ్యసనం. ఆయన విమర్శలు ఒక ఇంగ్లీషు వెబ్ పత్రికలో వెలువడుతాయి. మార్కాపురంలో వాటిని చదివేవారు లేరు. అది మార్కాపురం లోపమని ఆయన నిశ్చితాభిప్రాయం.

"కథట, కథ," అన్నారు కాఫీ తెచ్చిన భార్యతో. "రేపు ప్రళయం. రాజు ఏడుస్తూ చేతికి కత్తి ఇస్తాడు. వీడు ఊరు దాటగానే ఒక ముసలమ్మ తప్పిపోయిన మేకను వెదకమంటుంది. వీడు వెదుకుతాడు."

"దొరికిందా?" అంది విశాలాక్షమ్మ.

"ఏమిటి?"

"మేక."

"నేను నిర్మాణం గురించి మాట్లాడుతున్నాను, విశాలాక్షీ. వీడి వీపున నలభై కత్తులు, పన్నెండు డాళ్ళు. నడుము వంగదు. ఈ ఆట రూపొందించినవాడు జన్మలో బియ్యం బస్తా మోసి ఉండడు."

"మీరు మోశారు గనకనా."

ఆయన వినిపించుకోలేదు. తెర మీద వీరుడు ఒక ఊళ్ళోకి అడుగుపెట్టాడు. సంగీతం మొదలైంది. ఏడే స్వరాలు, చల్లగా, ఒక్కొక్కటిగా.

ఆయన కళ్ళు మూసుకున్నారు.

"ఈ చెత్తలో మనిషి అన్నవాడు చేసిన పని ఇదొక్కటే. గాజు వాద్యం. ఎవరో ఉత్తర యూరపు విద్వాంసుడు. మంచులో పుట్టినవాడికి గాని ఈ పలుకు రాదు. మనవాళ్ళ చేతిలో పెడితే పెళ్ళి బ్యాండు మోగించి ఉండేవాళ్ళు."

"ఎవరు వాయించారో చివర పేర్లు వేస్తారుగా?"

"పేర్లు చదవడం గుమాస్తాల పని. కథ ముగియగానే నేను కట్టేస్తాను."

వరండాలో మళ్ళీ టక్. టక్. ఈసారి సంగీతంతో కలిసి.

ఆయన లేచి బయటికి వచ్చారు.

"వెక్కిరిస్తున్నావా?"

"లేదు సారూ." బుడే సాహెబ్ లేచి నిలబడ్డాడు. దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా గోడ పట్టుకున్నాడు. "అది గాజు గాదు సారూ."

"ముప్పై ఆటల సంగీతం మీద వ్రాసినవాణ్ణి. నువ్వు చెబుతావా నాకు?"

"మూడో దెబ్బకాడ కొంచెం బొంగురు పోతాది, ఇనండి. గాజయితే అట్ల పోదు."

"అది బొంగురు కాదు, వేదన. దాని మీద రెండు పేజీలు వ్రాశాను."

బుడే సాహెబ్ ముఖం వెలిగింది. ఆయనకు అది వెటకారంగా తోచింది.

"రెండు పేజీలా సారూ? ఆ మూడోదాని మీదనే?"

"నీకెందుకు?"

"ఒక్కసారి మొదట్నుంచి పెడతారా? కడదాక నేనెప్పుడూ ఇన్లా. ఇని పనిలోకి పోతా."

"ఇది రేడియో కాదు. రాళ్ళు తట్టే చెవులకు ఉద్దేశించిన సంగీతమూ కాదు. రేపటినుంచి రావద్దు. మిగిలినవి ఇంకొకరు పరుస్తారు."

బుడే సాహెబ్ పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు. గేటు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. లోపల ఆ ఊరి సంగీతం ఇంకా సాగుతోంది.

వీరరాఘవయ్య గారు కిటికీ మూశారు.

మిగిలినవి నాలుగే రాళ్ళు. కొనకనమిట్ల నుంచి వచ్చినవాడు ఒక్క పూటలో పరిచిపోయాడు. వారం తిరగకముందే నాలుగూ పగిలాయి.

"తట్టి చూసుకోలేదట," అంది విశాలాక్షమ్మ. "చప్పుడు చేయవద్దని మీరే అన్నారట."

రెండు నెలలు ఆ పగుళ్ళ మీద నడిచాక ఆయన ఆటో ఎక్కి, పలకల గనుల దారిలో బుడే సాహెబ్ ఇల్లు వెదుక్కుంటూ వెళ్ళారు. క్షమాపణకు కాదు, నాలుగు రాళ్ళకు.

తలుపు తీసింది అతని కూతురు మాబూబీ.

"నాయన పోయినాడు సారూ. నలభై దినాలు గూడా అయిపోయె. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని చెప్పినారు డాక్టర్లు."

ఆయన వెనుదిరిగారు.

"సారూ, ఆటల మీద రాసే సారు మీరేనా?"

"అవును."

"ఉండండి."

లోపలికి పోయి ఒక గుడ్డమూట తెచ్చింది.

"మీకే ఇయ్యమన్నాడు. ఊళ్ళో దీని ఇలవ తెలిసినాయన మీరొక్కరేనంట. రెండు పేజీలు రాసినారంట గదా. పోయేదాక అదే చెప్పుకున్నాడు అందరికీ."

"ఏమిటిది?"

"నాకేం తెల్సు సారూ. రెండేళ్ళ కింద హైదరాబాదు పిల్లోళ్ళు ఎవరో మైకులు పట్టుకోని వచ్చినప్పుడు బయటికి తీసినాడు. వాళ్ళు పోయినాక మళ్ళ కట్టిపెట్టినాడు. రికార్డు చేసుకున్నది పంపిస్తామన్నారు, ఏమీ పంపియ్యలా."

ఆయన ఆటోలో కూర్చుని మూట విప్పారు. పురికొసతో వరుసగా కట్టిన ఏడు నల్లని పలకరాతి బద్దలు. వాటి మధ్య ఒక చిన్న కర్రపుల్ల.

ఎడమ నుంచి ఒక్కొక్కటే తట్టారు.

మొదటిది చల్లగా పలికింది, రెండవది ఇంకా చల్లగా. మూడవ రాతిలో, తాను రెండు పేజీలు వ్రాసిన ఆ మంచుదేశపు వేదన కొంచెం బొంగురుగా పలికింది.