గుహలో కొట్టని కొబ్బరికాయ

“ఆగండాగండి! ఇక్కడ కాయ కొట్టకూడదండీ!” గుహ కాపలా మనిషి ఒక్క అంగలో వచ్చి పెద్దిరాజు చెయ్యి పట్టుకున్నాడు.

అల్లవరం నుంచి యాత్ర బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని, అన్నేసి మెట్లు రొప్పుకుంటూ ఎక్కిన మనిషికి ఒళ్ళు మండదా మరి! “గుడికొచ్చి కాయ కొట్టకపోతే మా కోనసీమోళ్ళకి వచ్చినట్టే ఉండదయ్యా!” అన్నాడు.

“బుద్ధుడికి కాయలొద్దండీ. మనసులో పెట్టుకున్న కోపతాపాలేవో వదిలేసి వెళ్తే చాలు.”

వెనకనుంచి భార్య పద్మావతి అందుకుంది. “కాశీలోలాగే అన్నమాట! అయితే నేను కాకరకాయ వదిలేస్తానండీ.”

“నువ్వెప్పుడు తిన్నావే కాకరకాయ? కాశీలో ఇష్టమైనది వదలాలి. వదిలేక మళ్ళీ ఈ జన్మలో ముట్టుకోకూడదు.”

“ఆయ్, తెలుసులెండి. పోయిన నెల మా మరిదిగారు కూడా వెళ్ళొచ్చేరంట కాశీ. మనకి చెప్పనన్నా చెప్పలేదు.”

పెద్దిరాజు మొహం గంటు పెట్టుకున్నాడు. గట్టు మీది కొబ్బరిచెట్టు నాదంటే నాదని కొట్లాడుకుని, తమ్ముడితో మాటల్లేక ఆరేళ్ళయింది. చేతిలో ఉన్నది ఆ చెట్టు కాయే.

లోపల చల్లగా ఉంది. కొండరాతి సందుల్లోంచి నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. దీపం వెలుగులో బుద్ధుడు కళ్ళు సగం మూసుకుని కూర్చున్నాడు. ఎదురుగా పెద్దిరాజూ చతికిలబడ్డాడు, కాయ ఒళ్ళో పెట్టుకుని. చిన్నప్పుడు బొండం కొడితే మొదటి గుక్క అన్నయ్యకేనని పట్టుబట్టేవాడు ప్రకాష్. ఆ పిల్లాడి మీదా తను పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది? ఛీ, ఏం బతుకు! పెద్దిరాజుకి ఏడుపు ఆగలేదు.

బయటికొస్తూనే ఫోన్ తీశాడు.

“ప్రకాషూ... నేనురా, అన్నయ్యని.”

తమ్ముడు నోరు తెరిచేలోపే గబగబా అనేశాడు.

“తప్పంతా నాదేరా. ఆ కోపం ఇక్కడే గుహలో వదిలేసేను. చెట్టు నువ్వే తీసుకో. ఎల్లుండి మీ ఇంటికి భోజనానికొస్తాను, మరదల్ని పులస కాకపోతే ఎండు రొయ్యలైనా వండమను!”

“రావద్దన్నయ్యా.” అన్నాడు ప్రకాష్. “ఆరేళ్ళూ నీ ఫోన్ కోసమే చూసేను. పోయిన నెల కాశీలో పంతులుగారు గంగలో నిలబెట్టి, అన్నిటికన్నా ఇష్టమైనదే వదలాలన్నారు. నిన్ను వదిలేసి వచ్చేను.”