రెండు సున్నాలు

"చనిపోయిన వ్యక్తి అజాగ్రత్తగా పసుపు గీత దాటి బండ్ల దారిలోకి రావడం వల్లే ప్రమాదం జరిగింది."

మేనేజర్ శివశంకర్ చదవడం ఆపి తలెత్తాడు. "ఒప్పుకుంటున్నట్టు కింద మీ సంతకం కావాలండీ."

బల్లకు అవతల ఘియాసుద్దీన్ కూర్చున్నాడు. చనిపోయిన రాహిల్ తండ్రి. గోడ వారగా కొండల్ నిలబడి ఉన్నాడు. ఆరు రోజుల కిందట రాహిల్‌ని గుద్దిన, సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపింది అతనే.

సాతంరాయి దాటాక, విమానాశ్రయానికి సరుకు పంపే గోదాము అది. రాహిల్, కొండల్ ఇద్దరూ అక్కడే పని. గేటు మీద 'మద్యం, మత్తు లేని పనిచోటు' అని బోర్డు. పొద్దున్నే ప్రతి ఒక్కరూ మిషన్‌కు కార్డు చూపించి గొట్టంలో ఊదాలి. సున్నా అని చీటీ వస్తేనే లోపలికి.

"అజాగ్రత్త అన్న ఆ మాట తీసెయ్యుండ్రి సార్," అన్నాడు ఘియాసుద్దీన్. "నాకు ఇంకేం వద్దు. మావోడు సడక్ దాటాల్నంటే మూడుసార్లు సూస్తడు. గిట్ల సూస్కుంట నిలబడితే పెండ్లీడు గూడ దాటిపోతదిరా అని వాళ్ళమ్మ నవ్వేది. గసువంటోడు బండికి ఎదురుపోతడా?"

"బ్రేకులు బాగానే ఉన్నాయి. డ్రైవరు తాగి లేడు. ఇంక తప్పు ఎవరిదని రాయమంటారు?"

శివశంకర్ ఫైలులోంచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. కొండల్ పేరు. ఉదయం ఐదు యాభై రెండు. సున్నా.

"ఒకప్పుడు తాగేవాడు, దాచను. వేసవిలో ఒకసారి దొరికాడు. మళ్ళీ దొరికితే ఉద్యోగం ఉండదని చెప్పాం. అంతే. ఆ తర్వాత నలభై మూడు రోజులూ సున్నాయే. మీటింగుల్లో అందరికీ ఇతన్నే చూపిస్తున్నాం."

కొండల్ నేల చూపులు చూస్తున్నాడు.

"ఎరుకే సార్. కొండలన్నకు జర టైం ఇస్తే మనిషైతడు అబ్బా అని మావోడు అంటుండె." ఘియాసుద్దీన్ కొండల్ వైపు తిరిగాడు. "నీ మీద నాకు కోపం లేదు బేటా. ఒక్క మాట జెప్పు. వాడు సూడకుంటనే వచ్చిండా?"

కొండల్ బల్ల మీదున్న తన చీటీ వైపు చూశాడు.

"అతన్ని ఇబ్బంది పెట్టకండి," అన్నాడు శివశంకర్.

"యంత్రం జెప్తే నిజం, నేను జెప్తే కాదు. గంతేనా సార్?"

శివశంకర్ కాగితం ముందుకు జరిపాడు. ముసలాయన పెన్ను అందుకున్నాడు.

"దస్కత్ ఏడ పెట్టాలె?"

"ఇక్కడ."

పెన్ను కాగితానికి ఆనించి ఆగాడు.

"సార్, ఆ పొద్దుగాల మావోడు గూడ ఊదిండు గదా. వాని చీటీ ఉన్నదా? ఇస్తే ఇంట్ల పెట్టుకుంటం. ఆఖరుకు వాని ఊపిరి..."

శివశంకర్ వెతికి ఇచ్చాడు. రాహిల్ పేరు. ఐదు యాభై ఒకటి. సున్నా.

ముసలాయన దాన్ని రెండు చేతులతో అందుకుని, మడత పడకుండా జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ కాగితం మీదికి వంగాడు.

కొండల్ గోడ వదిలి ముందుకొచ్చాడు. బల్ల మీదున్న తన చీటీ తీసి, ఘియాసుద్దీన్ చేతిలో పెట్టాడు.

"ఇది గూడ తీస్కపో చాచా, ఇది గూడ రాహిల్ ఊదిందే."