పక్క గడిలో సంతకం

ఓడ దిగి ఆ ధర్మసత్రానికి వచ్చే నావికులు వెనకటికి గుమాస్తాకు కత్తి అప్పగించి, సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టేవారు. వెళ్లేటప్పుడు పక్క గడిలో ఇంకో సంతకం చేసి కత్తి తీసుకునేవారు. ఒకడు బాగా తాగి ఉన్నాడని గుమాస్తా కత్తి ఇవ్వలేదు. వాడు గుమాస్తాను పిడికిళ్లతోనే చంపి వెళ్లిపోయాడు. సత్రం ఇప్పుడు ప్రదర్శనశాల అయినా, పుస్తకంలో వాడి పక్క గడి ఇప్పటికీ ఖాళీ. కత్తి గోడ మేకుకే వేలాడుతోంది.

చీకటి పడ్డాక కాపలాదారు పుస్తకం ఉన్న అద్దాల పెట్టె తెరిచి తుడుస్తుంటే, తోడుగా వచ్చిన బావమరిది పెన్ను తీసి ఆ గడి నింపేశాడు.

"ఏం రాశావురా?"

"వాడి పేరే. పోనీలే బావా, ఇన్నేళ్లు ఆగాడు. కత్తి ఇచ్చెయ్."

"నీ చెయ్యి పడిపోను."

కాపలాదారు గోడ వైపు చూశాడు. మేకు ఒక్కటే ఉంది.

వెనక కాగితం మీద టపటపా చప్పుడైంది. బావమరిది రెండు చేతులతో గొంతు పట్టుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం పుస్తకం మీద పడుతోంది. బావా అనబోయాడు, గాలి తప్ప మాట రాలేదు. అలాగే కూలిపోయాడు.

కాపలాదారు తలుపు దగ్గరికి పరుగెత్తి, తాళం తీయబోయి ఆగాడు. వాడు బయటికి వెళ్తే, వీధికి అవతల మొదటి ఇల్లు తనదే.

తలుపు తియ్యమన్నట్టు వెనక నుంచి ఎవరో భుజం మీద మెల్లగా తట్టారు. ఆ చెయ్యి తడిగా ఉంది.