లెఫ్ట్ వింగ్ కుర్రాడు

"బదిలీ నా చేతుల్లో లేదయ్యా. పైనుంచి వచ్చింది," అన్నాడు మేనేజరు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా. "అది సరేగానీ, ఇలా రా. ఈ కుర్రాణ్ణి చూడు."

గుమాస్తా చేతిలో బదిలీ ఆర్డరు అలాగే ఉంది. రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ చేరలేనంత దూరం. సోమవారానికల్లా అక్కడ ఉండాలట. ఆ కాగితం పట్టుకునే బల్ల చుట్టూ తిరిగి వెళ్లి మేనేజరు పక్కన నిలబడ్డాడు. నిలబడక ఏం చేస్తాడు, పాపం.

కంప్యూటర్‌లో ఉన్నది ఆఫీసు పని కాదు, హాకీ ఆట. ఆ పంపుల కంపెనీ బ్రాంచి మేనేజర్లందరికీ అదొక పిచ్చి. ఒక్కొక్కరికి ఒక్కో జట్టు. వీళ్లు ఆడరు, ఆడిస్తారు. సీజను మొదట్లో కంప్యూటరే పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లను పుట్టించి వరసగా నిలబెడుతుంది. వంతులవారీగా ఏరుకోవాలి; తర్వాత కావాలంటే ఒకరి కుర్రాణ్ణి ఇంకొకరు అడిగి పుచ్చుకోవచ్చు. ఏరుకున్నవాణ్ణి పెంచాలి. ఎంత సాధన చేయించాలో, ఏ మ్యాచ్‌లో దించాలో, ఎప్పుడు కూర్చోబెట్టాలో చూసుకోవాలి. తొందరపడి పెద్దల జట్టులోకి తోశామా, వాడి పని అంతటితో సరి.

ఈ ఏరడం, పెంచడం మేనేజరుకి చేతకాదు. గుమాస్తాకి మాత్రం అది వెన్నతో పెట్టిన విద్య. ఎవరూ కన్నెత్తి చూడని బక్కపలచటి కుర్రాళ్లను తెచ్చి రెండు సీజన్లలో రాటుదేల్చేవాడు. కప్పు మేనేజరుది, మెచ్చుకోళ్లు మేనేజరువి. దానికి గుమాస్తా ఏనాడూ నొచ్చుకోలేదు. ఇంత చేస్తున్నాను కదా, అవసరానికి ఆదుకోకపోతాడా అనుకునేవాడు. ఆ అవసరం ఇప్పుడు నెత్తిమీదికొచ్చింది.

"సార్, మా పాప..." అన్నాడు.

పాప సంగతి ఆఫీసంతా ఎరుగుదురు. పుట్టు చెవుడు. చెవికి మిషను పెట్టించాక, ఈ ఊళ్లో ఒక టీచరమ్మ రోజూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, పిల్ల చెయ్యి తన గొంతు మీద పెట్టించుకుని ఒక్కో మాటా నేర్పుతోంది. ఏడాది తిరిగేసరికి మొన్ననే "నాన్న" అంది. ఆ "నాన్న" విన్నరోజు గుమాస్తా ఆఫీసులో కనబడ్డవాడికల్లా చెప్పుకుని తిరిగాడు. బదిలీ అయిన ఊళ్లో అలా నేర్పేవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఫోన్లు చేసి కనుక్కున్నాడు. తల్లీకూతుళ్లను ఇక్కడే ఉంచి తనొక్కడే వెళ్దామంటే, రెండు కాపురాలు పెట్టే జీతం కాదు.

ఇదంతా గడగడా చెప్పుకున్నాడు. మేనేజరు ఊ కొట్టాడు. ఊ కొడుతూనే మౌసు నొక్కి ఒక బొమ్మ పెద్దది చేశాడు.

"పదిహేడేళ్లవాడు. లెఫ్ట్ వింగ్‌లో, అంటే ఎడమ పక్కన ఆడతాడు. నిన్ననే మన జట్టులోకొచ్చాడు. ఎలా ఉన్నాడు?"

చూడకూడదనుకున్నాడు గుమాస్తా. కానీ పాడు అలవాటు, చూశాడు. చూసి నోరు వెళ్లబెట్టాడు. అంత వేగం, అంత ఒడుపు ఉన్న కుర్రాడు ఈ లీగులో ఇప్పటిదాకా తగల్లేదు.

"ఇలాంటివాణ్ణి ఎవరు వదులుకున్నారు సార్?"

"ఎవరో ఒకరులే. వీణ్ణెలా పెంచాలో ముందు చెప్పు. నువ్వెళ్లిపోతే నాకు చెప్పే దిక్కెవరు?"

గుమాస్తా చెప్పాడు. మొదట చిన్న మ్యాచ్‌లు ఆడించమన్నాడు, ఒళ్లు అలిసేదాకా సాధన చేయించొద్దన్నాడు. మేనేజరు శ్రద్ధగా విన్నాడు. పాప గురించి చెప్పినప్పుడు కూడా అంత శ్రద్ధగా వినలేదు.

"వీడితోపాటు వీడి పాత కోచ్ కూడా వచ్చాడు. మనకున్న కోచ్‌కి అప్పగించేద్దామా?"

"మార్చకండి సార్. నేర్చుకునే వయసులో నేర్పేవాళ్లను మారిస్తే పెరగడం ఆగిపోతుంది. ఒక్కోసారి వచ్చింది కూడా పోతుంది."

ఎవరి గురించి మాట్లాడుతున్నాడో అతనికి తెలుస్తూనే ఉంది. మేనేజరుకీ తట్టే ఉంటుందని ఆశగా ఆయన ముఖంలోకి చూశాడు.

మేనేజరు తల పంకించాడు. "నిజమేనయ్యా. చిన్నవాళ్ల దగ్గర అలాంటి పొరపాటు చెయ్యకూడదు."

పాత కోచ్‌ని ఉంచేశాడు. తర్వాత గుమాస్తా వైపు తిరిగి, ఇక వెళ్లి సామాను సర్దుకోమన్నాడు.

టీచరమ్మ మధ్యలో ఆపొద్దని బతిమాలింది. భార్య, మేనేజరుగారి కాళ్లమీదైనా పడకపోయారా అంది. పడితే లేవనెత్తి మళ్లీ ఆ కుర్రాడి గురించే అడుగుతాడని గుమాస్తాకి తెలుసు. గిన్నెలు మూట కట్టాడు.

సోమవారం కొత్త బ్రాంచి మేనేజరు గుమ్మందాకా ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. గుమాస్తాకి పుట్టి బుద్ధెరిగాక ఇంత మర్యాద జరగలేదు. మనిషి మంచివాడిలా ఉన్నాడు, ఇప్పుడే అడిగేస్తే పోలా అనిపించింది. పాప సంగతి మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. తనను వెనక్కి పంపమని హెడ్డాఫీసుకి ఒక్క ముక్క రాస్తే చాలు, చచ్చి మీ కడుపున పుడతానన్నాడు.

కొత్త మేనేజరు నిజంగానే బాధపడ్డాడు. అయ్యో పాపం అని రెండుసార్లు అన్నాడు. ఆ తర్వాత లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఎలా పంపనయ్యా? ఏడాదిగా అడగ్గా అడగ్గా, నా లెఫ్ట్ వింగ్ కుర్రాణ్ణి ఇస్తే గానీ మీ మేనేజరు నిన్ను వదల్లేదు."