చేతికర్ర చప్పుడు

లోపలి గది గోడ మీద చేతికర్ర మళ్ళీ టకటకలాడింది. దర్జీ కుట్టుమిషను ఆపి విసురుగా లేచాడు.

"మీరు ఆగండి. గంటసేపు నాన్నగారిని నేను చూసుకుంటాను. అలా బయట తిరిగి రండి," అంది వృద్ధుల సహాయ కేంద్రం నుంచి వచ్చినావిడ.

"మీవల్ల కాదమ్మా. పొద్దస్తమానం ఇదే గోల. పరిగెత్తుకెళ్ళి ఏం కావాలని అడిగితే, ఏం లేదురా అంటాడు. నా ప్రాణం తోడేస్తున్నాడు."

"అందుకే వెళ్ళమంటున్నాను."

ఆవిడ గెంటినంత పనిచేసి తలుపు దగ్గరగా వేసింది. దర్జీకి ఎక్కడికెళ్ళాలో తోచలేదు. చెప్పులేసుకుని మొదటి మెట్టు మీదే కూలబడ్డాడు. చెవులు మాత్రం లోపలే ఉన్నాయి.

"వాడు వెళ్ళాడా?" తండ్రి గొంతు.

"వెళ్ళారు. ఏం కావాలి బాబాయిగారూ?"

"ఏమీ అక్కర్లేదమ్మా. కాసేపు చప్పుడు లేకపోతే చాలు, వచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాడు, ఊపిరుందో లేదోనని. గోడ కొడితే విసుక్కుంటూ వస్తాడు. కొట్టకపోతే వణుక్కుంటూ వస్తాడు. విసుక్కోవడమే నయం కదా."

"మరి మీరు నిద్రపోయేదెప్పుడు?"

"ఇదిగో, ఇప్పుడు."

కర్ర నేల మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

అలవాటుగా దర్జీ చెయ్యి తలుపు మీదికి పోయింది. బలవంతాన వెనక్కి తీసుకున్నాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పిల్లిలా మెట్లు దిగాడు.