డేగ కునుకు

"కళ్ళు మూయండి."

"మూశానండీ."

"మూయలేదు. నేను మీకు కనబడుతున్నానా?"

"మీరు కాదండీ, మీ చెప్పులు కనబడుతున్నాయి."

డాక్టరమ్మ నిట్టూర్చి, అతని కళ్ళలో పసుపుపచ్చ మందు చుక్క వేసి, నీలం లైటు పెట్టి చూసింది.

"మీ రెప్పలు పూర్తిగా కలవడం లేదు. నిద్రలో ఆ సందులోంచి గాలి తగిలి, నల్లగుడ్డు మీదుండే అద్దంలాంటి పొర కిందిభాగంలో ఎండి గీరుకుపోయింది. ఆ మంటా, ఆ నీళ్ళు కారడమూ అందుకే. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"ఎందుకు గమనించలేదూ!" అంది పక్కనే కూర్చున్న భార్య. "పెళ్ళైన కొత్తలో తెల్లవార్లూ నన్నే చూస్తున్నారని మురిసిపోయాను డాక్టరమ్మా. గురక మొదలయ్యాక గానీ నా భ్రమ వదల్లేదు."

"పగలు పడుకుంటారా?" అని అతన్ని అడిగింది డాక్టరమ్మ.

"డ్యూటీలోనా? ఎంతమాట!"

అతను యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఇరవైమంది ఆడవాళ్ళ మీద సూపర్‌వైజరు. ఎత్తు కుర్చీలో కూర్చుని రెప్ప వేయకుండా హాలంతా చూస్తాడని, వాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు డేగ. ఎనిమిదేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం యజమాని వచ్చి ఎదురుగా నిలబడితే, మనవాడు చూపైనా తిప్పలేదు. "పనిమీద ధ్యాసంటే ఇదీ!" అని ముచ్చటపడి సూపర్‌వైజరును చేశాడాయన. మనవాడు అప్పుడు గాఢనిద్రలో ఉన్నాడు. ప్రమోషన్ కాగితం చేతిలో పడ్డాక గానీ సంగతి తెలియలేదు. అప్పటినుంచి రోజూ రెండింటికి కునుకు, మూడింటికి మెలకువ. ఈ గుట్టు ఇంటావిడకు కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ తక్కువది కాదు. భార్యను మందులషాపుకు పంపేసి, "ఇప్పుడు చెప్పండి" అంది.

చచ్చినట్టు చెప్పాడు.

"అయితే వినండి. అయిదు నిమిషాల కునుకైనా సరే, ముందు ఆయింట్‌మెంట్ రాసుకుని రెప్పలు మూసి టేపు అంటించుకోవాలి. లేకపోతే ఆ గీరు పుండవుతుంది. చూపు పోతుంది."

"అందరి ముందూ టేపు అంటించుకుంటే ఉద్యోగం పోతుంది కదండీ!"

"అది మీ ఇష్టం. కుర్చీ దగ్గర ఫ్యానుందా?"

"ఉందండీ. నా మొహానికీ, ముందున్న కట్టింగ్ బల్లకీ కలిపి అదొక్కటే. దాని మెడ కాస్త వదులు. నేను లేచేసరికి గోడవైపు తిరిగిపోయి ఉంటుంది."

"రోజూనా?"

"రోజూ."

డాక్టరమ్మ నవ్వింది. "ఫ్యాను తనంతట తాను రోజూ గోడవైపే తిరగదు. ఎనిమిదేళ్ళు ఆ గాలి సూటిగా కొట్టుంటే ఈపాటికి మీకీ కళ్ళు ఉండేవి కావు. ఎవరో తిప్పుతున్నారు. ఆ పుణ్యాత్ములకు దణ్ణం పెట్టుకోండి."

ఇంటికి వెళ్తున్నంతసేపూ మనవాడి మనసు మనసులో లేదు. అంటే వాళ్ళకు తెలుసు! తెలిసి కూడా యజమానికి ఒక్క ముక్క చేరవేయలేదు. కునుకు పడుతుండగా మిషన్ల చప్పుడు సన్నగిల్లేది కూడా తన నిద్ర చెడకూడదనే! గుండీల డబ్బాల్లో తెల్లవీ నీలంవీ రోజూ కలగాపులగం అవుతున్నాయని, నిన్ననే పెద్దక్కను నానా మాటలూ అన్నాడు. హాల్లో అందరికన్నా పాత మనిషి ఆవిడ. తనంత కృతఘ్నుడు ఇంకొకడు ఉండడనిపించింది. ఆ ఫ్యాను తిప్పే చేతిని రేపు కళ్ళారా చూడాలి. చూసి, అందరి ముందూ నిజం ఒప్పుకుని, ఆ ఆప్తుల మధ్యే టేపు అంటించుకోవాలి. ఉద్యోగం ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది.

మర్నాడు రెండింటికి కుర్చీలో బిగదీసుకుని కూర్చున్నాడు. కళ్ళు మండిపోతున్నా చూపు కదపలేదు.

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పెద్దక్క పిల్లిలా అడుగులు వేస్తూ వచ్చింది. అతని మొహం ముందు అరచెయ్యి అటూ ఇటూ ఊపింది. అతను ఊపిరి బిగబట్టాడు. ఆవిడ చప్పుడు కాకుండా ఫ్యాను మెడ పట్టుకుని గోడవైపు తిప్పింది.

అతని కంట్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి. ఇవి జబ్బు నీళ్ళు కావు. సొంత అక్కచెల్లెళ్ళు కూడా తనను ఇంతగా చూసుకోలేదు. జేబులోని టేపు మీద చెయ్యి వేసి, లేచి ఆవిడ కాళ్ళ మీద పడిపోదామనుకున్నాడు.

ఈలోగా పెద్దక్క వెనక్కి తిరిగి, కట్టింగ్ బల్ల మీద గుప్పెడు గుండీలు కుమ్మరించింది.

"ఇక పేకముక్కలు ఎగరవు, పంచండే!"